నాన్న గిన్నె, బావ వేళ్ళు

మా బావ మౌరిసియో పెరెల్మూతర్ పెళ్ళయ్యాక ఒక్క ఉల్లిపాయ కూడా తరగలేదు. చేతకాక కాదు, మా అక్క ఫొర్తూనా తరగనివ్వదు. సీసా మూత తిప్పనివ్వదు, గోడకి మేకు కొట్టనివ్వదు, చలికాలం వస్తే చేతికి తొడుగులు లేకుండా గడప దాటనివ్వదు. కొత్తలో ఇదంతా మొగుడి మీద మురిపెం అనుకుని నేను తెగ ఏడిపించేవాణ్ణి. తర్వాత అర్థమైంది, ఆ ఇంటికి కూడు పెట్టేవి ఆ పది వేళ్ళేనని.

బావది మతాదెరోస్ పేటలోని కబేళాలో పని. కోసే పని కాదు, దానికి వేరే మనుషులున్నారు. వాళ్ళు కోశాక, ఆ వేడి చల్లారకముందే బావ వెళ్ళి కోడె పొట్టలోంచి చేతిని మోచెయ్యి దాకా లోపలికి పోనిస్తాడు. కళ్ళు మూసుకుని ఊపిరితిత్తుల్ని తడుముతాడు. అవి పక్కటెముకలకి ఎక్కడైనా అతుక్కున్నాయా, దారప్పోగంత పీచు ఏదైనా వేలికి తగులుతోందా అని చూడాలి. అక్కడ కంటికి పని లేదు, అదీ ఒకందుకు మంచిదే. మా బావ కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉంటాయి, ఎదురుగా వచ్చే బస్సు నంబరు నన్నడిగి తెలుసుకుంటాడు. అదే మనిషి కోడె రొమ్ములోని చీకట్లో వెంట్రుకంత అతుకుని పట్టేస్తాడు.

ఆ అతుకు దగ్గరే మా యూదులం రెండుగా చీలిపోయాం. దేవుడొకడే, గ్రంథం ఒకటే, కోసే కత్తి కూడా ఒకటే, దాన్ని గోటి మీద గీసి చూసుకోవడమూ ఒకటే. సిరియాలోని హలబ్ నుంచి వచ్చిన మా వాళ్ళకి మాత్రం ఊపిరితిత్తి అద్దంలా నున్నగా ఉండాలి. ఒక్క పీచు తగిలినా ఆ కోడె మాకు పనికిరాదు. పోలండ్ నుంచి వచ్చిన బావ వాళ్ళు, మా పేటలో వాళ్ళని రూసోలంటారు, ఆ పీచుని వేళ్ళ మధ్య మెల్లగా నలిపి చూస్తారు. అది ఊడొచ్చి, తిత్తిలోకి గాలి ఊది నీళ్ళలో పెడితే బుడగ రాకపోతే, హాయిగా తినేస్తారు. నున్నటిదానికి ఎర్ర ముద్ర వేసి మా ఫ్లోరెస్ పేటకీ, నలిపి చూసినదానికి నీలం ముద్ర వేసి వాళ్ళ వియ్యా క్రెస్పోకీ పంపుతారు. రెండిట్లోనూ తప్పినవి మిగతా ఊరికి పోతాయి. బ్వేనోస్ ఐరెస్ మొత్తం ఆ తప్పినవాటినే నిప్పుల మీద కాల్చుకు తిని, దుక్కల్లా తిరుగుతూ ఫుట్‌బాల్ ఆడుకుంటోంది. ఈ మాట నేను మా నాన్న ముందు ఒక్కసారే అన్నాను.

మా నాన్న అబూద్ తవీల్ గురించి చెప్పకపోతే మా బావ కథ సగమే. నాన్నకి బొత్తాల దుకాణం ఉండేది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. బొత్తానికి నాలుగు చిల్లుల్లో ఒకటి ఒక పిసరు పక్కకి జరిగినా డబ్బా మొత్తం తిప్పి పంపేసే మనిషి ఆయన. అలాంటాయన కూతురు వియ్యా క్రెస్పో కుర్రాణ్ణి, అదీ కళ్ళద్దాలవాణ్ణి, చేసుకుంటానని భీష్మించుకుని కూర్చుంది. ఆయన మూడు నెలలు అలిగి చివరికి దిగొచ్చాడు.

"పిల్లనిస్తాను. ఆదివారం ఆదివారం చూడ్డానికొస్తాను. కానీ మీ ఇంట్లో మాంసం ముట్టను. పిల్ల మీ పద్ధతిలోకి వచ్చేస్తుంది, దాని గిన్నెలూ మీ పద్ధతిలోకి వచ్చేస్తాయి. నా కడుపు మాత్రం రాదు" అన్నాడు.

బావ తల వంచుకుని, "మీ ఇష్టం మామయ్యగారూ" అన్నాడు. అప్పుడతనికి ఇరవై ఆరేళ్ళు. అత్తారింటి వాళ్ళు ఏమన్నా "మీ ఇష్టం" అనే వయసు అది.

అన్న మాట ప్రకారం నాన్న పంతొమ్మిదేళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. చిన్న అల్యూమినియం గిన్నె, దాని మీద మూత, దాని చుట్టూ గళ్ళ గుడ్డ ముడి. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గిన్నె మూత తీస్తే మేమందరం మెడలు సాచేవాళ్ళం. అమ్మ పోయాక ఆరేళ్ళుగా నాన్నే వండుకుంటున్నాడు. ఆయన వంట గురించి ఏం చెప్పమంటారు? బస్సు డ్రైవర్‌కి కూడా తెలుసు. ఆయన ఎక్కగానే, "రండి తాతగారూ, ఈ వారం ఎంత మాడింది?" అని పలకరిస్తాడట.

ఆ దృశ్యం ప్రతి ఆదివారం చూసినవాణ్ణి నేను. బల్ల మధ్యలో అక్క చేసిన పుల్ల చెర్రీల పులుసు, అందులో మునిగి తేలుతున్న మాంసం ఉండలు, పక్కన పొడిపొడిగా అన్నం. అచ్చం అమ్మ చేతి వంటే. బల్ల చివర మా నాన్న బొగ్గుముక్కలాంటిదాన్ని నములుతూ, కళ్ళు మాత్రం పులుసు మీదే పెట్టుకుని కూర్చునేవాడు. ముక్కుపుటాలు అదురుతుండేవి. అక్కేమో తిన్నట్టు నటించి లేచిపోయేది.

"ఊరందరి నాన్నలూ కూతుళ్ళ వంటకి వంకలు పెడతారురా ఎలియాస్. ఉప్పెక్కువైందనీ, ఉడకలేదనీ. ఆ వంక పెట్టించుకునే భాగ్యం కూడా లేదు నాకు" అనేది నాతో.

ఇక అసలు సంగతి. నాన్నకి డెబ్బై ఎనిమిదేళ్ళప్పుడు మా వాళ్ళ తరఫున కబేళాలో తడిమి చూసే ముసలి రహ్మో వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగిపోయాయి. మా పెద్ద గురువుగారు కొత్త మనిషి కోసం పరీక్ష పెట్టారు. సిగరెట్టు కాగితాలు మూడు దొంతర పెట్టి, కింద ఒక వెంట్రుక దాచి, ఎక్కడుందో చెప్పమన్నారు. మా పేట నుంచి అయిదుగురు వచ్చారు. ఒకడు బల్ల పగులు చూపించాడు, ఒకడు తన వెంట్రుకే రాల్చుకున్నాడు. ఎవరు పంపారో తెలియదు, ఆరోవాడుగా మా బావ వచ్చాడు. కళ్ళు మూసుకుని ఒక్కసారి వేలు ఆడించి, "ఇదిగో ఇక్కడ. ఇది తలది కాదండీ, గడ్డానిది" అన్నాడు. గురువుగారు తన గడ్డం సవరించుకుని, ఆ క్షణంలోనే పని ఇచ్చేశారట. మా పద్ధతి మొత్తం నెల రోజులు కూర్చోబెట్టి నేర్పించారు. అప్పటి నుంచి రెండు వైపులకీ మా బావ చెయ్యే. నున్నగా ఉంటే ఎరుపు, నలిపితే ఊడితే నీలం.

ఈ సంగతి మా పేటలో నలుగురికే తెలుసు. ముసలాళ్ళు గొడవ చేస్తారని గురువుగారు గుట్టుగా ఉంచమన్నారు. బావ నా ఒక్కడికే చెప్పాడు, అదీ ఒట్టు వేయించుకుని.

"మీ అక్కకి కూడా చెప్పకు. చెబితే అది కిటికీలోంచి అరిచి చెబుతుంది. మామయ్యగారికి తెలిస్తే ఇంక మాంసమే మానేస్తారు. ఆ మాడు ముక్కలు తప్ప ఆయనకి వేరే సుఖం ఏముంది చెప్పు?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మా బజారంతటికీ తెలుసు. అలాంటి నేను రెండేళ్ళు నోరు కట్టుకున్నాను. దానికి నన్నెవరూ మెచ్చుకోలేదు, అందుకే ఇక్కడ నేనే చెప్పుకుంటున్నాను.

ఆ రెండేళ్ళూ తిరిగేసరికి నాన్న ఎనభయ్యో పుట్టినరోజు సరిగ్గా ఆదివారం వచ్చింది. నెల ముందు నుంచే అక్క నడుం బిగించింది. ఈసారి నాన్న తన చేతి వంట తినాల్సిందే. కొత్త గిన్నెలు, కొత్త గరిటెలు, కొత్త కత్తి, కొత్త పళ్ళాలు. మాంసం కొట్టే కొత్త పీట కూడా తెచ్చింది. మాంసం నాన్న నలభై ఏళ్ళుగా కొనే కొట్టులోనే కొంది. ఎర్ర ముద్ర ఉన్న కాగితాన్ని చింపకుండా దాచిపెట్టింది. బావని కూర్చోబెట్టి, మా పద్ధతిలో ఇంకేమేం చూస్తారో వల్లె వేయించింది. పదిహేను రోజులు ఆ ఇంట్లో పరీక్షల వాతావరణం.

ఆదివారం నేను తొందరగానే వెళ్ళాను. ఇల్లంతా చెర్రీల ఘాటు. పనమ్మాయి రమోనా, అమ్మాయంటే యాభై ఏళ్ళ పరాగ్వే క్రైస్తవురాలు, నాకన్నా ముందు ఆ ఇంటికి వచ్చిన మనిషి, పాడుకుంటూ గ్లాసులు తుడుస్తోంది. బావ కొత్త చొక్కా తొడుక్కుని, ఏం చెయ్యాలో తెలియక మాతే ఆకుల కషాయం తాగుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"కూర్చో బావా, పురిటిగది బయట తిరిగినట్టు తిరుగుతున్నావు."

"నీకేం, నువ్వు ఏ ముద్రదైనా తింటావు" అన్నాడు.

అది నిజమే. మా నాన్నకి చెప్పకండి.

నాన్న రానే వచ్చాడు. చంకలో గళ్ళ గుడ్డ మూట ఉంది. అక్క మొహం చిన్నబోయింది.

"ఈ రోజు కూడానా నాన్నా?"

"జాగ్రత్త కోసం తల్లీ" అన్నాడు.

బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్క కొత్త గిన్నె మూత తీసింది. ఆ ఆవిరి నాన్న మొహానికి కొట్టగానే ఆయన కళ్ళు అరమోడ్పులయ్యాయి. వెంటనే తేరుకుని, రేవులో సుంకం అధికారిలా మొదలుపెట్టాడు.

"మాంసం?"

అక్క ఎర్ర ముద్ర కాగితం తెచ్చి ముందు పెట్టింది. ఆయన వెలుతురుకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు.

"గిన్నె?"

"మొన్న కొన్నాను. ఇదిగో చీటీ."

"గరిటె?"

"కొత్తది."

"తరిగిన కత్తి?"

"నాన్నా, పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని అడగలేదు."

బావ పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. నాన్న చెంచా అందుకున్నాడు. పులుసులో ముంచాడు, ఒక ఉండ పైకొచ్చింది. చెంచా లేచింది. అక్క ఊపిరి బిగబట్టింది, నేను కూడా. వంటింటి గుమ్మంలో రమోనా రెండు చేతులూ జోడించి నిలబడింది. చెంచా పెదవి దాకా వెళ్ళి ఆగింది.

"పొయ్యి మీద గిన్నె ఎవరు పెట్టారు?"

అక్క బావ వైపు చూసింది. బావ రమోనా వైపు చూశాడు. రమోనా సంబరంగా ముందుకొచ్చింది.

"నేనే దోన్ అబూద్! అమ్మగారు స్నానానికి వెళ్ళారు. మంట మాత్రం దోన్ మౌరిసియో వెలిగించాడు. నువ్వు వెలిగిస్తే చాలా అని రెండుసార్లు అడిగాను. చాలు అన్నాడు."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళ పద్ధతిలో మంట యూదుడు వెలిగిస్తే చాలు, గిన్నె ఎవరు పెట్టినా పరవాలేదు. మా పద్ధతిలో గిన్నె కూడా యూదులే పెట్టాలి. కబేళాలో రెండేళ్ళుగా ఎరుపునీ నీలాన్నీ ఒక్కసారి కూడా తారుమారు చేయని మనిషి, ఇంట్లో పొయ్యి దగ్గర మాత్రం వాళ్ళమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అలవాటు అలాంటిది.

నాన్న చెంచా మెల్లగా దించాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నీ తప్పేం లేదు తల్లీ. రమోనా తప్పు అసలే లేదు" అంటూ గళ్ళ గుడ్డ ముడి విప్పి, తన గిన్నె మూత తీసి, ఒక నల్లటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కరకరమని చప్పుడైంది.

అక్క నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ మీద పెట్టింది.

"నాన్నా, వచ్చే ఆదివారం నుంచి రాకండి. మీ మీద కోపంతో కాదు. నా బల్ల దగ్గర కూర్చుని మీరా మాడు నములుతుంటే పంతొమ్మిదేళ్ళు చూశాను. ఇంక చూడలేను. నేనే మీ ఇంటికి వస్తాను, ఒట్టి చేతుల్తో వచ్చి కూర్చుని వెళతాను."

నాన్న నమలడం ఆపేశాడు. ఆదివారం లేకపోతే ఆయన వారంలో ఏమీ మిగలదు, అది అక్కకీ తెలుసు. బావ కాళ్ళ కింది చాపని చూస్తున్నాడు. అంతా తన వల్లే అయిందన్న మొహం. అది చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒట్టు గిట్టు గాలికి పోయింది.

"నాన్నా! ఇప్పుడు మీ నోట్లో ఉన్న ముక్క ఎవరు తడిమి పంపారో తెలుసా?"

"ఎలియాస్!" అని బావ అరిచాడు.

"నువ్వు నోరు మూసుకో బావా. రహ్మో పని మానేసి రెండేళ్ళయింది నాన్నా. ఆ ఎర్ర ముద్ర వేయిస్తున్నది ఈయన. ఈ రూసో! ఈ కళ్ళద్దాల మనిషి! అయిదుగురిని కాదని గురువుగారు ఏరి తీసుకున్నారు. ఫ్లోరెస్ పేటంతా ఈయన వేళ్ళు పెట్టిన తిండే తింటోంది. మీరూ అదే తింటున్నారు!"

అక్క నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "రెండేళ్ళా? నాకు చెప్పకుండానా?" అని బావ మీదికి వెళ్ళబోయి, నాన్న వైపు చూసి ఆగిపోయింది.

నాన్న ముక్క ఉమ్మలేదు, మింగలేదు. ఒక బుగ్గలో పెట్టుకుని బావని అడిగాడు.

"పోయిన పస్కా పండగకి నేను తిన్నది?"

"నా చెయ్యేనండీ" అన్నాడు బావ.

"మా తమ్ముడి సంవత్సరీకానికి?"

"నా చెయ్యే."

"ఈ మధ్య మన మాంసం మహా బాగుంటోంది, ఆ రూసోల మాంసంలా కాదు అని గుళ్ళో పదిమంది ముందు అన్నానే?"

"విన్నానండీ. చాలా సంతోషించాను."

నా గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. నాన్న నా వైపు చూసిన చూపుకి దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. ఆయన ముక్క మింగేశాడు. కుర్చీ బావ వైపు జరుపుకున్నాడు.

"వందకి ఎన్ని వదులుతావు?"

"మా పద్ధతిలో అరవై దాటుతాయి. మీ పద్ధతిలో ముప్పై దొరికితే ఆ రోజు పండగే."

"కబేళా యజమాని ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. పొద్దున్నే కాఫీ పంపి, కేకు పంపి, కాస్త చూసీ చూడనట్టు పొమ్మంటాడు. కాఫీ తాగి కప్పు తిప్పి పంపుతానండీ."

"కేకు?"

"కేకు కూడా తింటాను. వేళ్ళకీ దానికీ సంబంధం లేదు."

"అనుమానం వస్తే? ఉందో లేదో తెలియనంత సన్నటి పీచు తగిలితే?"

"అనుమానం వచ్చిందంటే అది మీది కాదండీ. బయటికి తీయించి, నలిపి, నీళ్ళలో పెట్టి చూస్తాను. సరిపోతే నీలం ముద్ర వేయించి మా వైపు పంపుతాను."

"దాన్నెవరు తింటారు?"

"ఎవరు తింటారు మామయ్యగారూ? నేనూ, మీ అమ్మాయీ. పంతొమ్మిదేళ్ళుగా మేం తినేది అదే."

నాన్న బల్ల మీది కాగితపు రుమాళ్ళు నాలుగు తీసి దొంతర పెట్టాడు. "అటు తిరుగు" అన్నాడు. బావ గోడ వైపు తిరిగాడు. నాన్న మొహం దగ్గర చెయ్యి పెట్టుకుని చటుక్కున ఏదో పీకి, కళ్ళలో నీళ్ళు తిరిగినా చప్పుడు చెయ్యకుండా, రుమాళ్ళ కింద దాచాడు.

"చూపించు."

బావ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. చూపుడువేలు రుమాళ్ళ మీద ఆనీ ఆననట్టు ఒకసారి ఆడింది, వెనక్కొచ్చింది, ఆగింది.

"ఇక్కడుంది. కానీ మామయ్యగారూ, ఇది గడ్డానిది కాదు. తలదీ కాదు. కనుబొమది. నన్ను పడగొట్టాలని చూశారు కదూ?"

నాన్న నవ్వాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత మొత్తం మనిషి. అమ్మ పోయాక ఆ నవ్వు నేను వినలేదు. రమోనా నవ్వింది, అక్క కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నేనైతే బల్ల మీద తలపెట్టేసి నవ్వాను. బావ ఒక్కడే, కళ్ళద్దాలు లేక ఎవరు నవ్వుతున్నారో సరిగా కనబడక, అందరి వైపూ తిరిగి మొహమాటంగా చేతులు పైకెత్తాడు.

నవ్వాగాక నాన్న ఆ పులుసు గిన్నె వైపు చూసి నిట్టూర్చాడు.

"అయినా ఇది తినలేను. గిన్నె రమోనా పెట్టింది. ఎవరి వేళ్ళు ఎంత గొప్పవైనా నా పద్ధతి నాది."

"నేనేం అనలేదు నాన్నా" అంది అక్క.

"ఆ ముద్ర కాగితంలోది ఇంకేమైనా మిగిలిందా?"

"అర కిలో ఉంది. విప్పలేదు."

నాన్న లేచాడు. తన అల్యూమినియం గిన్నెలో ఉన్నదంతా బావ పళ్ళెంలో గుమ్మరించాడు. కోటు విప్పి నాకిచ్చాడు. ఆ గిన్నె తనే తోముకుంటూ, "పద, నువ్వు కలుపు. పొయ్యి మీద నేను పెడతాను. ఎలా వెలిగించాలో ఎవరైనా చెప్పండి" అన్నాడు.

వంటింట్లోకి అందరం ఒకేసారి దూరాం. ఆ వంటింట్లో ఇద్దరికి చోటుంటుంది. అక్క మాంసం పిసుకుతోంది. నేను చెర్రీలు కడుగుతూ సగం తినేస్తున్నాను. రమోనా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "నేనేమీ ముట్టుకోవడం లేదు దోన్ అబూద్, చూసుకోండి. కానీ గిన్నె అడుగు తడి తుడవండి. అయ్యో, అంత మంట కాదు! మీ ముక్కలు ఎందుకు మాడుతున్నాయో నాకిప్పుడు తెలిసింది" అంటోంది. బావ కూడా ఏదో ఒకటి చెయ్యాలని ఉల్లిపాయ, కత్తీ అందుకున్నాడు.

"ఏయ్ అల్లుడూ!" నాన్న కేకకి కిటికీ మోగింది. "కత్తి కింద పెట్టు! ఆ వేళ్ళు నీ ఒక్కడివి అనుకున్నావా? మా పేట మొత్తానివి! ఎలియాస్, ఆ ఉల్లిపాయ నువ్వు తరుగు. నీ వేళ్ళు పోయినా ఎవరికీ నష్టం లేదు."

తరిగాను. ఆ కన్నీళ్ళు ఉల్లిపాయవే అని ఇప్పటికీ వాదిస్తాను.

పులుసు మరిగేలోపు మిగతా వాళ్ళం మొదటి గిన్నె ఖాళీ చేశాం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. నాన్న చూసీ చూడనట్టు కిటికీలోంచి వీధిలోకి చూశాడు. బావ మాత్రం మర్యాద కోసం నాన్న మాడు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, దాన్ని ఏం చెయ్యాలో తెలియని మొహంతో కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఎలా ఉంది?" అని నాన్న అడిగాడు.

"నున్నగా లేదండీ" అన్నాడు బావ.

గంట దాటాక అక్క ఆ చిన్న గిన్నె తెచ్చి నాన్న ముందు పెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్న గిన్నె అది. దానిలోంచి చెర్రీల ఆవిరి లేస్తోంది. ఈసారి నాన్న ఏమీ అడగలేదు. చెంచాతో ఒక ఉండ తీసుకుని, ఊది, నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మా బావ కోడె రొమ్ములో చెయ్యి పెట్టినప్పుడు ఎలా మూసుకుంటాడో అలాగే మూసుకుని మెల్లగా నమిలాడు. మేం నలుగురం ఆయన గొంతు వైపే చూస్తున్నాం. మింగాడు.

అక్క రెండు చేతులూ బల్ల అంచుని పట్టుకుని ఉన్నాయి.

"ఎలా ఉంది నాన్నా?"

నాన్న ఇంకో ఉండ తీసుకున్నాడు. అది కూడా తిని, పెదవి విరిచి, తల అడ్డంగా ఆడించాడు.

"మీ అమ్మ ఇంకాస్త పులుపు వేసేది."

అక్క కుర్చీలో కూలబడి, కొంగున మొహం దాచుకునే అలవాటు మా ఆడవాళ్ళకి లేదు కాబట్టి బావ కొత్త చొక్కాలో మొహం దాచుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తూ నవ్వింది. బావ ఆ వేళ్ళతో అక్క తల నిమురుతున్నాడు. అక్క ఎందుకు ఏడుస్తోందో నాన్నకి అర్థం కాలేదు. తన తప్పేమైనా ఉందేమోనని కంగారుపడి, గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకో వంక వెతికాడు.

"ఉప్పు కూడా కాస్త తక్కువే తల్లీ. వచ్చే ఆదివారం చూసి వెయ్యి."